తాతలనాటి తుపాకులు

నేటి ప్రసంగవిషయమును వినగానే మీలో కొందరు, “తుపాకులతో మనకేమి పని?” అని అనుకొనవచ్చును. మన దేశమున తుపాకి లేని ఇండ్లే మిక్కిలి ఎక్కువ; అది మంచిదే. కాని చిత్తూరు సీమలో, పలమనేరు, గంగవరము, పుంగనూరు, కుప్పము ప్రాంతముల అడవి అంచు పల్లెలలో, తాతగారి కాలపు తుపాకి పడకగది మూలనో, అటకమీదనో ఉన్న ఇండ్లు కొన్ని నేటికిని కలవు. ఒకప్పుడు ఒక్కొక్క ఇంట రెండును, మూడును ఉండెడివి. వానిని కొన్నవారు గతించిరి. కొన్ననాటి ధనము లేదు. కొన్ననాటి అవసరమును లేదు. మిగిలినది బాధ్యత మాత్రమే. కొద్దిపాటి రాబడి గల సంసారి ఆ బాధ్యతను ఎట్లు నెరవేర్పగలడు? ఇదియే నేటి ప్రశ్న. దీనికి సమాధానమును మేము గ్రంథములలో కాక మొదట మా ఇంటనే నేర్చుకొంటిమి. కావున ఆ కథతోనే ప్రారంభించుచున్నాము.

మా స్వగ్రామము పలమనేరు చెంతనున్న గంగవరము. మా తాతగారికి మూడు తుపాకులుండెడివి. మొదటిది ఆయన తండ్రినుండి వచ్చినది. గొట్టము మూతినుండి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించు తుపాకి అది. చేనికాపలాకై దానికి లైసెన్సు ఇచ్చియుండిరి. రెండవది ఇంగ్లండులో చేసిన పన్నెండు బోరు జోడుగొట్టపు తుపాకి. గొట్టములమీద నీటి అలలవంటి చారలు, కొయ్యమీద చెక్కడపు పని. చూచినవారు మరల చూడవలసినదే. మూడవది మన దేశమున తయారైన పన్నెండు బోరు ఒంటిగొట్టపు తుపాకి. దానికి అందచందములు లేవు. కాని మిక్కిలి గట్టిది.

“పన్నెండు బోరు” అనగా ఏమో పలువురికి తెలియదు. ఒక పౌను సీసమును 12 సమభాగములు చేసి, ఒక భాగమును గుండుగా పోసినచో, ఆ గుండు సరిగా పట్టునంత గొట్టము అని దాని అర్థము. లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు ఉండును.

ఈ సీమకు తుపాకి క్రొత్త కాదు. ఇది పాలెగాండ్ర సీమ. తరువాత పుంగనూరు, కంగుంది జమీందారీల సీమ. చేలమీద అడవిపందులు పడెడివి. మందలమీద చిరుతలు పడెడివి. బెంగుళూరు వేటగాడు కెనెత్ ఆండర్సన్ 1954లో ప్రకటించిన తన వేటకథల గ్రంథమున, నాటి మన చిత్తూరు జిల్లాలోని చామల లోయలో మనుష్యులను తిన్న పులిని గూర్చి ఒక ప్రకరణమే వ్రాసెను. అట్టి కాలమున తుపాకి గల రైతు ఊరికంతటికిని అండగా నుండెను. ఆ గౌరవమే మా తాతగారికి తుపాకులపై మమకారమును కలిగించినది.

కాని కాలము మారినది. 1878 నాటి ఆంగ్లేయుల ఆయుధచట్టము పోయి, 1959లో మన పార్లమెంటు చేసిన ఆయుధచట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చిన పిదప వేట అను వినోదమునకు చోటు లేకపోయినది. పలమనేరు, కుప్పము అడవులకు 1980 తరువాతి దశకములో ఏనుగులు వచ్చి చేరినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఏనుగు చేనిలో దిగినపుడు తుపాకి పనికిరాదు, పనికిరాకూడదు. ఆ చట్టము ఏనుగునకు అన్నింటికంటె పై రక్షణ నిచ్చినది. అడవిపందిని కొట్టవలెనన్నను అధికారి వ్రాతపూర్వకముగా అనుమతింపవలెను. కావున తుపాకి చేతనున్నంత మాత్రమున దానిని పేల్చు హక్కు చేతనున్నట్లు కాదు. ఈ సంగతిని మా ఇంటివారు చాలకాలము గుర్తింపలేదు.

2016 నాటి ఆయుధనియమముల ప్రకారము, లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, లేక ఆయుధము ఆయనవద్ద 25 ఏండ్లు ఉన్నను, బ్రతికియుండగనే దానిని వారసునకు బదిలీ చేయుటకు దరఖాస్తు పెట్టవచ్చును. మా తాతగారు 2017లో అట్లే చేసి, మూడు తుపాకులను మా చిన్నాయనగారి పేరనుంచిరి. మిగిలిన వారసులమందరము అభ్యంతరము లేదని సంతకములు చేసితిమి. మరుసటి యేడు తాతగారు గతించిరి.

2019 డిసెంబరులో చట్టము మరల మారినది. అంతవరకు ఒక్కరు మూడు తుపాకులను కలిగియుండవచ్చును, ఇకపై రెండే. వారసత్వముగా వచ్చినవానికిని ఇదే పరిమితి. అదనముగా నున్నదానిని ఒక సంవత్సరములోగా దగ్గరి పోలీసుస్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధ వర్తకునివద్దగాని అప్పగింపవలెను. అనగా 2020 డిసెంబరునకు మా చిన్నాయనగారు మూడింటిలో ఒకదానిని వదలుకొనవలెను. ఆ యేడు ఎట్టిదో మీకందరకును జ్ఞాపకమే. కరోనా వలన సంతలు మూతపడి, టమాటాలు కొనువారు లేక చేనిలోనే కుళ్లినవి. ఇంటిలో రొక్కము తక్కువ, బెంగ ఎక్కువ.

ఆ దసరాకు మేము ఊరికి పోతిమి. ఆయుధపూజనాడు చిన్నాయనగారు మూడు తుపాకులను తుడిచి, చాపమీద పరచి, పసుపు కుంకుమలు పెట్టిరి. ఇంటి బిడ్డలందరును చుట్టు మూగిరి. ఆయన మనుమడు ఆరేండ్లవాడు. వాడు పాత తుపాకి మూతిలోనికి ఒంటికన్ను పెట్టి, “జేజినాయనా, లోపల చీకటిగా ఉండాదే!” అనెను. మా గుండె ఝల్లుమన్నది. వాని నెత్తి ప్రక్కకు తీసితిమి. చిన్నాయనగారు నవ్వి, “దాంట్లో ఏముంది లేప్పా, ముప్పై ఏండ్లుగా ఉత్తదే గదా” అనిరి.

గడపలో కూర్చుండిన మా అవ్వ అంతవరకు ఒక్క మాటయు పలుకలేదు. అపుడు మాత్రము మెల్లగా, “ఉత్తదని ఎవురు చూసినారు నాయనా?” అని అడిగెను.

ఎవరును చూడలేదు. ఉత్తదని తాతగారు చెప్పిరేమో యని చిన్నాయనగారు అనుకొనిరి. చిన్నాయనగారు చూచిరేమో యని మేము అనుకొంటిమి. ముప్పది ఏండ్లు ఒక కుటుంబమంతయు ఊహమీద బ్రతికినది.

పదిదినములకు చిన్నాయనగారు మూడు తుపాకులను లైసెన్సుతో సహా, తుపాకులు బాగుచేయుటకు అనుమతి గల ఒక పనివానివద్దకు తీసికొనిపోయిరి; మేమును వెంట పోతిమి. ఆ పెద్దమనిషి మొదట పాత తుపాకినే చేతిలోనికి తీసికొనెను. సన్నని కొయ్యపుల్లను గొట్టములోనికి మెల్లగా జారవిడిచి, మూతివద్ద గోటితో గుర్తు పెట్టి, పైకి తీసి, గొట్టమునకు వెలుపల ఆనించి చూపెను. పుల్ల అడుగునకు చేరలేదు. నాలుగు వ్రేళ్ల మేర లోపల ఏదియో ఉన్నది. ఆయన మమ్ములను వెలుపలికి పొమ్మని, చాలసేపటికి పిలిచి, ఒక పళ్లెములో గుడ్డపీలికను, తుప్పు పట్టిన చిల్లర గుండ్లను, చిటికెడు నల్లమందును చూపెను. నల్లమందు తడి తగులకున్నచో ఎన్ని దశాబ్దములైనను చావదట. చిన్నాయనగారు ఆ పళ్లెమును చూచి అక్కడనే కూలబడిరి. ఆయన నోట మాట రాలేదు.

శ్రోతలారా! మేము నేడు చెప్పదలచిన మాటలన్నియు ఆ పళ్లెములోనే ఉన్నవి.

తరువాత ఆయన జోడుగొట్టపు తుపాకిని పరీక్షించెను. ఆ అలలవంటి చారలు, ఇనుప, ఉక్కు పట్టీలను మెలివేసి అతికి గొట్టముగా చేసిన పాత పద్ధతికి గుర్తు. అట్టివానిలో పెక్కు నల్లమందు కాలమున, నల్లమందు ఒత్తిడికి తగినట్లు చేసినవి. నేటి పొగలేని మందు తూటా వానికి ప్రమాదము. ఆంగ్లదేశపు తుపాకులకు లండను, బర్మింగ్‌హాము పరీక్షాగృహముల ముద్రలుండును. నేటి మందునకు పరీక్షించిరో లేదో ఆ ముద్రలను చదువగలవాడు చెప్పగలడు. మా తుపాకిమీద అట్టి ముద్ర లేదు. పైగా ఆ కాలపు తూటాగది కురుచ. నేటి తూటా కొంత పొడవు. “ఇది చూచుకొనుటకే గాని కాల్చుటకు కాదు” అని ఆయన తేల్చిచెప్పెను. మూడవదానిని, అందము లేనిదానిని, గొట్టము లోపల దీపము పట్టి చూచి, మీట ఆడించి చూచి, “ఇది నిక్షేపముగా నున్నది” అనెను.

ఇపుడు ఏది ఉంచుకొనవలెను, ఏది వదలుకొనవలెను? చట్టము రెండింటిని ఉంచుకొనుమన్నది. ఆ రాత్రి ఇంట చాలసేపు వాదము జరిగినది. వంశమునకు గుర్తుగా పాతదానిని, గౌరవమునకు గుర్తుగా జోడుగొట్టపుదానిని ఉంచుకొని మూడవదానిని ఇచ్చివేయవలెనని చిన్నాయనగారు మొదట తలచిరి. మేము ఆయనను ఒక్కటే అడిగితిమి: “చిన్నాయనా, రెండింటికి తగిన పెట్టె, తాళము, కాపలా, రుసుము మన చేతనగునా?” ఆయన లెక్కవేసికొనిరి. ఆనాడు ఇంటి ఖర్చులు పోను ఇందుకై తీయగలిగినది 20,000 రూపాయలు మాత్రమే.

తుదకు ఆయన ఒక్క తుపాకినే ఉంచుకొనిరి. పాతదానిని పోలీసుస్టేషనులో అప్పగించి రసీదు పొందిరి. జోడుగొట్టపుదానిని, దాని లోపమును దాచక చెప్పి, లైసెన్సు గల వర్తకునిద్వారా అమ్మిరి. తలచినంత ధర రాలేదు. ఆ రెండింటిని లైసెన్సు పుస్తకమునుండి తీసివేయించిరి. తాతగారు మందు పోసికొను కొమ్ము మాత్రము, శుభ్రముగా కడిగి, ఉత్త కొమ్ముగా, నేటికిని గూటిలో నున్నది. కొమ్మునకు లైసెన్సు అక్కరలేదు. బిడ్డలు తాకినను భయము లేదు. తాతగారి జ్ఞాపకమునకు అది చాలును.

ఆ 20,000 రూపాయలను ఎట్లు వెచ్చించిరో చెప్పుదుము. ఇది 2020 నాటి మా ఇంటి లెక్క. ఊరినిబట్టి, కాలమునుబట్టి ధరలు మారును. దళసరి ఇనుపరేకుతో పలమనేరులో చేయించిన నిలువు పెట్టెకు 8,000. దానిని లోపలినుండి గోడకు బోల్టులతో బిగించుటకు 1,500. తూటాలకు వేరొక చిన్న పెట్టె, వేరొక తాళము 1,000. మూడు తుపాకులను పరీక్షించిన పనివానికి 3,000. శుభ్రపరచు కడ్డీ, కుంచెలు, నూనె 1,500. దరఖాస్తులు, నకళ్లు, ప్రయాణములు 2,500. మిగిలిన 2,500 రూపాయలను రాబోవు లైసెన్సు పునరుద్ధరణకని పోస్టాఫీసులో వేసిరి. ఈ లెక్కలో తుపాకి అందమునకు ఒక్క రూపాయియు లేదని మీరు గమనింపవలెను. క్రొత్త ఉఱ లేదు, క్రొత్త పట్టెడ లేదు, కొయ్యకు మెరుగు లేదు. స్వల్పధనము గలవాడు మొదట తాళము కొనవలెను; పిదప పరీక్ష చేయింపవలెను; అటుపిమ్మట కాగితములు సరిచేసికొనవలెను. తక్కినవన్నియు ఆ మూడింటి తరువాతనే.

పెట్టె కొన్నంత మాత్రమున చాలదు. తాళపుచెవి ఎక్కడ నుండవలెను? మన ఇండ్లలో తాళపుచెవిని దేవుని పటము వెనుకనో, బియ్యపు డబ్బాలోనో ఉంచుట వాడుక. అది ఇంటిలోని బిడ్డలకందరకును తెలిసిన రహస్యము. తుపాకిపెట్టె తాళపుచెవి లైసెన్సుదారుని మొలనో, ఆయన ఒక్కనికే తెలిసిన తావునో ఉండవలెను. తుపాకిని పెట్టునపుడు గొట్టమును విప్పి, ఉత్తదని కంటితో చూచి, వ్రేలితో తడవి, అపుడే పెట్టెలో నుంచవలెను. తీసినపుడును అంతే. “నిన్న చూచితిని” అనుమాట పనికిరాదు.

మరియొక మాట చెప్పక తప్పదు. పంట పోయిన దుఃఖములోనో, అప్పులవాని మాటలకో, త్రాగిన మైకములోనో మనిషి తనకు తాను పరాయివాడగు ఘడియలు కలవు. ఆ ఘడియ గడచినచో మనిషి బ్రతుకును. చేతికందిన తుపాకి ఆ ఘడియను గడువనీయదు. ఇంటిలో ఎవరైనను అట్టి బాధలో నున్నట్లు తోచినచో, తుపాకిని కొంతకాలము స్టేషనులోనో, వర్తకునివద్దనో భద్రముగా ఉంచి రసీదు తీసికొనుడు. అందులో చిన్నతనము లేదు. ఆ మనిషి ప్రక్కన కూర్చుండుడు, వైద్యునివద్దకు తీసికొనిపొండు.

తుప్పును గూర్చి కొంత చెప్పవలెను. పలమనేరు మిట్టభూమి, వానకాలమున మంచు, ముసురు. తోలు ఉఱలో తుపాకిని నిలువయుంచుట పెద్ద తప్పు. తోలు తేమను పీల్చి లోహమునకు అంటించును. ఉఱ ప్రయాణమునకే. కొబ్బరినూనె, ఆముదము వంటివి పూయరాదు. అవి కాలక్రమమున జిగురుగా మారి మీటను పట్టివేయును. కుట్టుమిషనుకు వాడు పలుచని ఖనిజపు నూనె అయినను సరే, రెండు చుక్కలు మెత్తని పాతగుడ్డకు అద్ది తుడిచిన చాలును. క్రొత్త వస్తువుల అట్టపెట్టెలలో వచ్చు తేమను పీల్చు గింజల పొట్లములను ఎండనుంచి మరల మరల వాడవచ్చును. ఆయుధపూజనాటి పసుపునీరు తుపాకికి పరమశత్రువు. పూజ ముగియగానే పొడిగుడ్డతో తుడిచి నూనె రాయవలెను. పూజకు పెట్టినను లైసెన్సుదారుడు ప్రక్కన నుండవలెను. నెలకొక పావుగంట కాలము, ఏడాదికి కొన్ని రూపాయల నూనె. ఇంతకుమించి ఖర్చు లేదు.

కాగితముల సంగతి. 2019 సవరణ తరువాత లైసెన్సు కాలపరిమితి మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. దీనివలన ఖర్చు కొంత తగ్గినది గాని, మరచిపోవుటకు అవకాశమును పెరిగినది. ఒక నోటుపుస్తకమున తుపాకి సంఖ్య, తయారీ వివరములు, గొట్టము పొడవు, లైసెన్సుకు ఇచ్చిన విశిష్టసంఖ్య, గడువు తేదీ వ్రాసి, ఛాయాచిత్రము నొకదాని నతికింపుడు. గడువునకు కనీసము రెండు మాసములు ముందుగా దరఖాస్తు పెట్టుడు. తూటాలు ఎన్ని కొంటిరో, ఎన్ని మిగిలెనో అందులోనే వ్రాయుడు. తుపాకి పోయినచో, దొంగిలింపబడినచో, క్షణమాలస్యము చేయక పోలీసువారికి తెలుపుడు. ఆనాడు ఆ నోటుపుస్తకమే మీకు సాక్షి.

లైసెన్సు మనిషికిగాని ఇంటికి కాదు. అన్న లైసెన్సుతో తమ్ముడు తుపాకిని తీసికొనిపోరాదు. మరమ్మతుకో, పునరుద్ధరణకో పంపవలసివచ్చినచో లైసెన్సుదారుడు వ్రాతపూర్వకముగా అధికారమిచ్చి పంపవచ్చునని చట్టమే చెప్పుచున్నది. పెండ్లిలో, జాతరలో సంబరమునకు తుపాకి పేల్చి ఇతరుల ప్రాణమునకు ముప్పు తెచ్చుటను 2019 సవరణ ప్రత్యేకముగా నేరముగా పేర్కొన్నది. దానికి రెండేండ్లవరకు జైలుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పైకి పేల్చిన గుండు పైననే ఉండిపోదు. ఎవరి నెత్తిమీదనో దిగవలసినదే.

ఎన్నికల కాలమున తుపాకిని స్టేషనులో అప్పగించుమని ఉత్తరువు వచ్చుట కలదు. అప్పగించుటకు ముందు బాగుగా నూనె రాసి, పేరు, సంఖ్య వ్రాసిన చీటిని కట్టి, రసీదు తీసికొనుడు. తిరిగి తెచ్చుకొన్ననాడే తుడిచి చూచుకొనుడు. అది అవమానముగా కొందరు తలతురు. కాని అందరి తుపాకులును ఒకేచోట ఊరకున్నపుడే ఊరికి నెమ్మది.

ఇక కొందరి అటకమీద లైసెన్సే లేని పాత తుపాకి ఉండవచ్చును. “మా ముత్తాతది, తుప్పు పట్టినది, దానికేమి?” అని వారు అనుకొందురు. కాలము చెల్లినదియో, పురాతనమైనదియో, పాడైనదియో అగు ఆయుధము మరమ్మతు చేసినను కాల్చుటకు వీలుకానిదైనపుడే చట్టము దానిని మినహాయించినది. వీలగునో కాదో తేల్చవలసినది మనము కాదు. లైసెన్సు లేక ఆయుధమును కలిగియుండుటకు రెండేండ్లకు తగ్గని జైలుశిక్ష కలదు. అట్టివారు మౌనముగా దానిని బావిలో పడవేయుటకు గాని, మరియొకరికి అమ్ముటకు గాని పూనుకొనక, న్యాయవాదిని సంప్రదించి స్టేషనుకు తెలియజేయుట మేలు. గొట్టమును కోయుట, మార్చుట వంటి పనులను ఇంట చేయరాదు, అవియు నేరములే.

ఇది మన దేశముననే ఉన్న చింత కాదు. బ్రిటనులో తుపాకికి అనుమతి ఇచ్చుటకు ముందు పోలీసువారు ఇంటికి వచ్చి, దానిని దాచు ఇనుపబీరువాను చూతురు. జపానులో తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట తాళము వేసి యుంచవలెను. ఏటేట తనిఖీ జరుగును. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ అను చోట జరిగిన దారుణమైన కాల్పుల పిదప ప్రభుత్వము ధరకట్టి, సుమారు ఆరున్నర లక్షల తుపాకులను కొని ధ్వంసము చేయించినది. వాని యజమానులలో తాతలనాటి తుపాకులను ఇచ్చినవారును ఉండియుందురు. వారికిని మా చిన్నాయనగారివలె మనస్సు బరువెక్కియే యుండును.

పాత తుపాకులకు చరిత్రలో విలువ లేదని మేము అనుట లేదు. హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ఆయుధముల గదికి పోయినచో, ఎందరి పనితనమో, ఎన్ని కాలములో కంటికి కనబడును. అచ్చట అద్దము, తాళము, కావలివాడు కలరు. అంత ఏర్పాటు చేయగలవాడు సేకరించుకొనవచ్చును, చట్టము అనుమతించినంతవరకు. మనవంటి మధ్యతరగతి సంసారులకు కొలత వేరొకటి. ఎన్నింటిని కొనగలము అని కాదు, ఎన్నింటిని ప్రతిరాత్రియు నిశ్చింతగా తాళము వేసి నిద్రింపగలము అని అడుగుకొనవలెను. ఆ లెక్కకు రెండు వచ్చిన రెండు. ఒకటి వచ్చిన ఒకటి. ఏదియు రానిచో, ఏదియు లేకుండుటే గౌరవము.

మొన్న ఊరికి పోయినపుడు ఆ మనుమడు మాకు ఎదురువచ్చెను. ఇపుడు వాడు ఎత్తు పెరిగినాడు. గూటిలోని కొమ్మును తెచ్చి, “దీంట్లో ఏమి పోసేవాళ్లో తెలుసునా?” అని మమ్ములనే పరీక్షించెను. తెలియదంటిమి. వాడు కొమ్మును తలక్రిందులు చేసి, అరచేతిలో తట్టి, లోనికి తొంగిచూచి, “చూడండి, ఉత్తదే. నేనే చూసినాను” అనెను. ప్రక్కనున్న చిన్నాయనగారు వాని తల నిమిరిరి. అవ్వ ఇపుడు లేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రము ఆ ఇంట నిలిచియున్నది.

మీ ఇంటను తాతలనాటి తుపాకి యుండినచో, నేడు ఈ ప్రసంగము ముగిసిన పిదప ఆ ప్రశ్ననే అడుగుడు: “ఉత్తదని ఎవరు చూచిరి?” ఎవరును చూడలేదని తేలినచో మీరై విప్పబోకుడు. దాని మూతిని ఎవరివైపునకును త్రిప్పక, బిడ్డలను దూరముగా నుంచి, తెలిసినవారిని పిలిపింపుడు.